కీపర్ లీగులో ఒకే ట్రేడ్‌ను రెండు వైపుల నుంచీ దోపిడీ అన్నారు: న్యాయాన్ని దేనితో కొలవాలి?

హన్మకొండ కమిషనర్

అందరికీ నమస్కారం. హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ఉంటున్న ఎనిమిది మందిమి, మాతో చదువుకొని అమెరికాలో స్థిరపడిన మిత్రులు నలుగురు, మొత్తం పన్నెండు మందిమి కలిసి 2021 నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగు) ఆటగాళ్లతో ఫాంటసీ ఫుట్‌బాల్ కీపర్ లీగు ఆడుకుంటున్నాము. అంటే నిజం ఆటగాళ్లను ఎంచుకొని కాగితం మీద జట్లు కట్టుకుంటాము, వాళ్లు మైదానంలో ఆడినదాన్ని బట్టి మాకు పాయింట్లు వస్తాయి, కొందరిని మరుసటి ఏడాదికి ఉంచుకుంటాము. ఆదివారం రాత్రి పదిన్నరకు మొదలయ్యే ఆటలను తెల్లవారుజాము దాకా చూసి, సోమవారం ఆఫీసులో కునికిపాట్లు పడే జాతి మాది. లీగుకు కమిషనర్‌ను, అంటే నిర్వాహకుణ్ణి, నేనే. నిరుడు, అంటే 2024 నవంబరులో జరిగిన ఒక ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) గురించి మొదలైన తగవు ఈ 2025 ఆగస్టు దాకా చల్లారలేదు కనుక, విషయాన్ని వివరంగా రాసి మీ అభిప్రాయం కోరుతున్నాను.

ముందుగా మా నియమాలు. డ్రాఫ్ట్, అంటే జట్లు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకోవడం, పదహారు రౌండ్లు. ప్రతి జట్టూ ముగ్గురు ఆటగాళ్లను మరుసటి ఏడాదికి ఉంచుకోవచ్చు; అయితే ఆ ఆటగాణ్ణి నిరుడు ఏ రౌండులో తీసుకున్నారో అంతకంటే ఒక రౌండు ముందు పిక్‌ను (ఎంపిక వంతును) అతని కోసం వదులుకోవాలి. తొలి రౌండు ఆటగాణ్ణి ఉంచుకోవడానికి వీల్లేదు. డ్రాఫ్ట్‌లో ఎవరూ ముట్టుకోక, సీజన్ మధ్యలో వేవర్ (ఏ జట్టులోనూ లేని ఆటగాళ్ల జాబితా) నుంచి ఏరుకున్నవాడికి పన్నెండో రౌండు ఖరీదు. రాబోయే ఏడాది పిక్‌లను కూడా ట్రేడ్‌లో ఇచ్చిపుచ్చుకోవచ్చు. పదకొండో వారంతో ట్రేడ్‌ల గడువు ముగుస్తుంది. పద్నాలుగు వారాల తర్వాత ఆరు జట్లు ప్లేఆఫ్‌కు వెళతాయి. పైసల పందెం లేదు. చివరి స్థానంలో నిలిచినవాడు మరుసటి డ్రాఫ్ట్ నాడు అందరికీ ఇంట్లో చేయించిన సర్వపిండి తేవాలి, అంతే.

ఇక ట్రేడ్. నవంబరు రెండో వారంలో, పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టు యజమాని, రెండే ఆటలు గెలిచి అట్టడుగున ఉన్న జట్టు నుంచి డెరిక్ హెన్రీని తీసుకున్నాడు. అప్పటికే వెయ్యి గజాలు దాటి పరుగెత్తిన రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకొని పరుగెత్తే ఆటగాడు) హెన్రీ. మా డ్రాఫ్ట్‌లో మూడో రౌండులో పోయాడు. బదులుగా ఇచ్చినవి రెండు: వేవర్ నుంచి ఏరుకున్న టాంపా బే కొత్త కుర్రాడు బకీ ఇర్వింగ్, దానితోపాటు తన 2025 రెండో రౌండు పిక్. ఇర్వింగ్ అప్పటికి తన క్లబ్బులోనే ఉన్న రషాద్ వైట్‌తో బంతిని పంచుకుంటున్నాడు. అసలు చిక్కు ఎక్కడంటే, ఆ ఇద్దరు యజమానులూ బావ, బావమరుదులు. దసరా కట్నం నెల ఆలస్యంగా ముట్టిందని గ్రూపులో ఎగతాళి మొదలై, సాయంత్రానికి అది నిజమైన కోపంగా మారింది. వీటోకు, అంటే ట్రేడ్‌ను ఆపడానికి, మా దగ్గర ఆరు ఓట్లు కావాలి, నాలుగు వచ్చాయి, నేను ట్రేడ్‌ను ఆమోదించాను.

బావగారు టైటిల్ గెలిచారు. అంతటితో అయిపోలేదు. ఇర్వింగ్ సీజన్‌ను 1,122 గజాలతో ముగించాడు, ఈ ఏడాది డ్రాఫ్ట్‌లలో రెండో రౌండులో పోతున్నాడు, అతణ్ణి బావమరిది పన్నెండో రౌండు ఖరీదుకు ఉంచుకుంటున్నాడు. నవంబరులో బావ దొంగ అన్నవాళ్లే ఇప్పుడు బావమరిది దొంగ అంటున్నారు. ఇది ఇలా ఉండగా జూన్‌లో బావగారు కొత్త ఉద్యోగంలో తీరిక దొరకడం లేదని లీగు నుంచి తప్పుకున్నారు. రెండో రౌండు పిక్ లేని ఆ జట్టును తీసుకోమని ఇద్దరిని అడిగాను. అందులో ఒకాయన, "చెరువు గుత్తకు తీసుకున్నవాడు చేపలన్నీ పట్టుకుపోయాక నన్ను గట్టు మీద కాపలా ఉండమంటున్నారా" అని నవ్వి ఊరుకున్నాడు.

ఈ ట్రేడ్ అన్యాయమైనదా, కాదా? ఇటువంటి వాటిని తేల్చవలసింది ఓటా, కమిషనరా? యజమాని వెళ్లిపోయిన జట్టును ఏమి చేయాలి? డ్రాఫ్ట్‌కు పది రోజులే ఉంది.


డల్లాస్ రిటర్న్, నక్కలగుట్ట

కమిషనర్ గారూ, అమెరికాలో ఉన్నప్పుడు నేను తొమ్మిదేళ్లు ఒక కీపర్ లీగులో ఆడాను, అందులో నాలుగేళ్లు మీ కుర్చీలో కూర్చున్నాను కూడా. ఒకే ట్రేడ్‌ను రెండు వైపుల నుంచీ దోపిడీ అన్నారంటే, నా అనుభవంలో అది మంచి ట్రేడ్ అనడానికి దగ్గరి గుర్తు.

మీవాళ్లు పొరబడింది విలువ కట్టడంలో. ప్రతి ఏటా జట్లు రద్దయ్యే మామూలు లీగులో ఆటగాడి విలువ అంటే మిగిలిన వారాల్లో అతను చేయబోయే పాయింట్లే. కీపర్ లీగులో దానికి మరొకటి తోడవుతుంది: వచ్చే ఏడాది అతని కోసం వదులుకునే పిక్‌కూ, బజారులో అతను పోయే రౌండుకూ మధ్య ఉన్న మిగులు. హెన్రీని ఉంచుకోవాలంటే రెండో రౌండు పిక్ వదులుకోవాలి, అతనేమో తొలి రౌండు చివర, రెండో రౌండు మొదట్లో పోతున్నాడు, కాబట్టి మిగులు నామమాత్రమే. ఇర్వింగ్ విషయంలో మిగులు పది రౌండ్లు. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. రౌండ్లను మెట్ల మాదిరిగా లెక్కపెట్టకూడదు. మొదటి రౌండుకూ మూడో రౌండుకూ మధ్య ఉన్న తేడా పన్నెండుకూ పద్నాలుగుకూ మధ్య ఉండదు. పన్నెండో రౌండులో తీసుకున్నవాళ్లలో సగం మందిని అక్టోబరు నాటికి మనమే వదిలేస్తాము. అందువల్ల ఇర్వింగ్‌ను ఆ ఖరీదుకు ఉంచుకోవడమంటే, దాదాపు ఏమీ ఇవ్వకుండా మరో రెండో రౌండు ఆటగాణ్ణి పొందడమే.

అయితే నవంబరులో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇర్వింగ్ పాంథర్స్‌పై 152 గజాలు చేసింది డిసెంబరు 1న. అతను వైట్ వెనకే ఉండిపోయి ఉంటే ఈ రోజు మీ గ్రూపులో బావమరిది పేరు ఎత్తేవాడే ఉండడు. చౌకగా దొరికిన కుర్రాడు ఎప్పుడూ ఆశే, హామీ కాదు. 2023లో పుకా నకువాను ఫాంటసీ డ్రాఫ్ట్‌లలో దాదాపు ఎవరూ తీసుకోలేదు. అతను 105 క్యాచ్‌లు, 1,486 గజాలతో కొత్త ఆటగాళ్ల రికార్డులు రెండింటినీ తిరగరాశాడు. అతణ్ణి చౌకగా ఉంచుకొని మీసం మెలేసినవాళ్లకు 2024 తొలి ఆటలోనే అతని మోకాలు దెబ్బతిన్నది, ఐదు ఆటలు పోయాయి. కాబట్టి ట్రేడ్‌ను చూడవలసింది అది జరిగిన రోజు కళ్లతోనే.

ఆ రోజున రెండు గెలుపుల జట్టుకు హెన్రీ ఎన్ని గజాలు పరుగెత్తితే ఏమిటి? అన్నీ దండగే. మొదటి స్థానంలో ఉన్నవాడికి అవే గజాలు బంగారం. ఇద్దరి అవసరాలూ వేరు కనుక ఇద్దరూ లాభపడ్డారు. నిజం క్లబ్బులు చేసేదీ ఇదే. 1989 అక్టోబరులో డాలస్ కౌబాయ్స్ తమ పెద్ద ఆటగాడు హెర్షెల్ వాకర్‌ను మిన్నెసోటా వైకింగ్స్‌కు ఇచ్చి, కొందరు ఆటగాళ్లనూ ఒక కట్ట పిక్‌లనూ తెచ్చుకుంది; ఆ పిక్‌ల అండతో కట్టుకున్న జట్టు 1992, 1993, 1995 సీజన్లలో సూపర్ బౌల్ గెలిచింది. వైకింగ్స్ ఘోరంగా నష్టపోయింది. అయినా ఆ ట్రేడ్‌ను ఎవరూ రద్దు చేయలేదు, చేయకూడదు కూడా. తప్పు లెక్క వేసుకునే హక్కు యజమానికి ఉండాలి.

ఓటు సంగతి మాత్రం గట్టిగా చెబుతాను: తీసివేయండి. ఓటు వేసే పది మందీ ఆ ఇద్దరికీ పోటీదారులే. 2011 డిసెంబరులో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్‌లో క్రిస్ పాల్ లేకర్స్‌కు వెళ్లే ట్రేడ్‌ను కమిషనర్ డేవిడ్ స్టెర్న్ ఆపేశాడు. ఆటగాడున్న హార్నెట్స్ క్లబ్బు అప్పుడు లీగు చేతుల్లోనే ఉండేది. అంటే మిగతా క్లబ్బుల యజమానులే దానికీ యజమానులు. కొద్ది రోజులకే అతను క్లిప్పర్స్‌కు వెళ్లాడు. ఆ నిర్ణయం సరైనదే కావచ్చు, అయినా ఈ రోజుకూ దాన్ని అనుమానం లేకుండా తలచుకునేవారు తక్కువ, ఎందుకంటే తీర్పు చెప్పిన చోటే ఆసక్తి కూడా ఉంది. కుమ్మక్కు అయితేనే కమిషనర్ కొట్టివేయాలి; కుమ్మక్కు కాదంటే, ట్రేడ్ ఎంత వెర్రిగా ఉన్నా వదిలేయాలి.


రెండో స్థానం

నేను ఇదే లీగు సభ్యుణ్ణి, ఫైనల్‌లో ఓడినవాణ్ణి, వీటోకు ఓటు వేసిన నలుగురిలో ఒకణ్ణి. కాబట్టి నా మాటలో నా బాధ కూడా ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. డిసెంబరు 26 తెల్లవారుజామున మూడు గంటలకు లేచి కూర్చొని, హెన్రీ టెక్సాన్స్‌పై 147 గజాలు పరుగెత్తడం చూశాను. గజాలకే పద్నాలుగు పాయింట్లు, టచ్‌డౌన్‌కు ఆరు. నేను ఓడింది తొమ్మిది పాయింట్లతో.

నక్కలగుట్ట పెద్దాయన చెప్పినదంతా ఇద్దరి మధ్య లెక్క. ట్రేడ్ వల్ల ఇద్దరూ లాభపడితే చాలునా? లీగులో పన్నెండు మంది ఉన్నారు. ప్లేఆఫ్ ఆశ పోయిన జట్లు ప్రతి నవంబరులోనూ మూడో నాలుగో ఉంటాయి. వాటికి ఈ ఏడాది పోయేది ఏమీ లేదు. వాటి యజమానులు తమ దగ్గర ఉన్న పెద్ద ఆటగాళ్లను ఎవరి చేతిలో పెడితే వాడే రాజు. అప్పుడు టైటిల్ నిర్ణయించేది పద్నాలుగు వారాల కష్టం కాదు, అట్టడుగున ఉన్నవాడికి ఎవరు దగ్గర అన్నదే. నేను కుమ్మక్కు అనడం లేదు. బావకు ఇచ్చిన ధరకే నాకూ ఇచ్చేవాడా అని మాత్రమే అడుగుతున్నాను.

మన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రైతు బస్తాలను యార్డులో దించితే పది మంది వ్యాపారులు కాయను చేతిలోకి తీసుకొని చూస్తారు, ఆ రోజు జెండా పాట ఎంత పలికిందో యార్డు మొత్తానికి తెలుస్తుంది. హెన్రీ యార్డుకే రాలేదు. ఇంటి వాకిట్లోనే తూకం వేసుకున్నారు. ధర న్యాయమైనదో కాదో మాకు తెలియాలంటే పాట జరగాలి కదా.

నా సూచన: గడువును ఎనిమిదో వారానికి తేవాలి, అప్పటికి ఎవరూ పూర్తిగా ఆశ వదులుకొని ఉండరు. ఓటును ఉంచాలి. ఓటులో అసూయ ఉంటుందన్నది నిజమే, కానీ కమిషనర్ కూడా ఒక జట్టు యజమానే కదా? మా కమిషనర్ గారు ఆ ఏడాది ఐదో స్థానంలో ఉండి ప్లేఆఫ్ ఆడారు. ఆయన మీద నాకు అనుమానం లేదు, అయితే నియమం మనిషిని చూసి రాసేది కాదు.


కరీంనగర్ చిట్టీల లెక్క

ఫుట్‌బాల్ గురించి నాకు మీ అంత తెలియదు, మా అబ్బాయి లీగును చూసి నేర్చుకున్నదే. కానీ చిట్టీల కంపెనీలో ఇరవై రెండేళ్లు లెక్కలు రాసినవాణ్ణి కనుక, మీ తగవు నాకు బాగా పరిచయమైనదిగా కనిపిస్తున్నది.

ఇరవై మంది నెలకు ఐదు వేల చొప్పున లక్ష రూపాయల చిట్టీ వేశారనుకుందాం. మూడో నెలలో ఒకాయనకు బిడ్డ పెండ్లి వచ్చింది. పాటలో ఇరవై ఐదు వేలు వదులుకొని డెబ్భై ఐదు వేలకే చిట్టీ ఎత్తుకున్నాడు. మరొకాయన చివరి దాకా ఆగి దాదాపు మొత్తం తీసుకున్నాడు. మొదటాయన మోసపోయాడని ఎవరైనా అంటారా? అతనికి ఆ నెలలో డబ్బు కావాలి, ఆగగలిగినవాడు ఆగాడు. మీ బావగారిది పెండ్లి ఖర్చు. బావమరిదిది చివరి నెల చిట్టీ. హెన్రీకి ఇర్వింగ్‌తోపాటు రెండో రౌండు పిక్ కూడా పోయడమంటే, తొందర ఉన్నవాడు ఎక్కువ తగ్గించి పాడడం వంటిదే. అందులో అన్యాయం ఏమీ లేదు.

అన్యాయం మరొక చోట ఉంది, దాన్ని గురించి పైన ఇద్దరూ రాయలేదు. చిట్టీ ఎత్తుకున్నవాడు మరుసటి నెల నుంచి కిస్తీ కట్టకుండా పోతే ఏమవుతుంది? మిగిలినవాళ్లందరి మీదా పడుతుంది. అందుకే 1982 చిట్ ఫండ్స్ చట్టం కూడా పాట పాడుకున్నవాడు మిగిలిన కిస్తీలకు జమానతు ఇచ్చిన తర్వాతే డబ్బు ముట్టే ఏర్పాటు చేసింది. మేము ముగ్గురి సంతకాలు లేనిదే చెక్కు రాసేవాళ్లం కాదు; ఎత్తుకునేటప్పుడు అందరూ మంచివాళ్లే. మీ లీగు బావగారికి జమానతు లేకుండానే చిట్టీ ఇచ్చింది. ఆయన రాబోయే ఏడాది రెండో రౌండును అమ్ముకొని ఈ ఏడాది టైటిల్ ఎత్తుకున్నాడు, ఆ తర్వాత కిస్తీలు కట్టవలసిన రోజున లేడు. ఆయన కావాలని చేశాడని నేను అనను. ఉద్యోగం ఎవరికైనా మారుతుంది. ఏది ఎలా ఉన్నా, ఆ పిక్ లేని లోటును ఇప్పుడు మోయవలసినవాడు అసలు బేరంలో లేని మనిషి.

మా అబ్బాయి చెప్పేదాని ప్రకారం అమెరికాలో దీనికి సులభమైన మందు ఉందట: రాబోయే ఏడాది పిక్ అమ్మదలచినవాడు ఆ ఏడాది ప్రవేశ రుసుము ముందే కట్టాలి. మీకు ఆ దారి లేదు. తెలంగాణలో పందెం పెట్టి ఆన్‌లైన్ ఆటలు ఆడడాన్ని 2017 సవరణతోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. కాబట్టి పైసల జోలికి పోకుండా మనిషి జమానతు తీసుకోండి. రాబోయే ఏడాది పిక్ అమ్మేవాడి తరఫున లీగులోనే మరొక యజమాని నిలబడాలి. ఆయన తప్పుకుంటే జమానతుదారు తన రెండో రౌండు పిక్‌ను ఆ ఖాళీ జట్టుకు ఇచ్చి, బదులుగా దాని మూడో రౌండు పిక్‌ను తీసుకోవాలి. ఇలా పెట్టి చూడండి, రేపటి పిక్‌లను ఈ రోజే అమ్మే ఉత్సాహం సగానికి పడిపోతుంది. జమానతు సంతకం అడిగితే దగ్గరి చుట్టాలు కూడా దగ్గుతారు.


బావమరిది

ఆ అట్టడుగు జట్టు నాదే. ఇంత మంది పెద్దలు నా గురించి రాశారు కనుక నేను కూడా కొంత చెప్పుకోవాలి.

రెండో స్థానం అన్నా, బావకు ఇచ్చిన ధరకే నీకూ ఇచ్చేవాడినా అని అడిగావు. అక్టోబరు చివరి వారంలో హెన్రీ కోసం నీకు మెసేజి పెట్టింది నేనే. నీ దగ్గర వేవర్ నుంచి తీసుకున్న కుర్రాళ్లు ఇద్దరు ఉండేవారు, వారిలో ఒకణ్ణి, ఒక పిక్‌ను అడిగాను. "చూద్దాం" అన్నావు. వారం తర్వాత మళ్లీ అడిగితే ముప్పై ఏళ్లు దాటిన రన్నింగ్ బ్యాక్ ఏ రోజైనా కూలబడతాడన్నావు. అదే వారంలో నువ్వు గాయం నుంచి తిరిగొచ్చిన క్రిస్టియన్ మెకాఫ్రీని వేరే జట్టు నుంచి తెచ్చుకున్నావు. ఆ ట్రేడ్ మీద ఒక్క ఓటు కూడా పడలేదు, నేను కూడా వేయలేదు. అతను ఆ ఏడాది ఆడింది నాలుగే ఆటలు. డిసెంబరు 1న బఫెలో మంచులో మోకాలు పోయింది. అతను నిలబడి ఉంటే ఆ తొమ్మిది పాయింట్లు నీవే అయ్యేవేమో. ఇది ఎత్తిపొడుపుగా రాయడం లేదు. హెన్రీ బదులు మెకాఫ్రీని నమ్మడం ఆ రోజు తెలివితక్కువ పని కాదు, నేను కూడా అతణ్ణే నమ్మేవాణ్ణి.

బావ నేను అడిగిన మూడో మనిషి. ఆయన మొదట ఇర్వింగ్‌ను మాత్రమే ఇస్తానన్నారు. పిక్ కూడా కావాలని నేను రెండు రోజులు పట్టుబట్టాను. ఆ రెండు రోజులూ మా అక్క ఇద్దరి మీదా విసుక్కుంది. కుమ్మక్కయినవాళ్లకు రెండు రోజులు బేరం ఎందుకు?

అయితే ఒక మాటకు నేను తల వంచుతాను. యార్డు మాట. నేను అడిగింది ముగ్గురిని, గ్రూపులో అందరికీ చెప్పలేదు. మూడో స్థానంలో ఉన్న డెట్రాయిట్ మిత్రుడు తనకు తెలిసి ఉంటే ఇంకా మంచి పిక్ ఇచ్చేవాణ్ణని తర్వాత అన్నాడు. ఆ పాట జరిగి ఉంటే నాకే ఎక్కువ వచ్చేది. చుట్టరికం వల్ల లాభపడ్డానని అందరూ అనుకుంటున్నారు గానీ, దగ్గరివాడితో బేరమాడి తొందరగా ముగించుకోవడం వల్ల నష్టపోయింది నేనేనేమో. జెండా పాట ధర అందరి బస్తాలకూ రాదన్నది వేరే సంగతి; యార్డులో దించితే కనీసం ఎంత వచ్చేదో తెలుస్తుంది.

జమానతు సంగతికి వస్తే, బావ వెళ్లిపోతారని నాకు నవంబరులో తెలియదు. ఏప్రిల్‌లో తెలిసింది. అప్పుడే కమిషనర్ గారికి చెప్పి ఉండవలసింది. ఇంటి విషయం కదా అని ఊరుకున్నాను.


రెండో స్థానం

ఇప్పుడే ఫోనులో వెతికాను. "చూద్దాం" అన్నది నిజమే, అక్టోబరు 30. ముప్పై ఏళ్ల మాట కూడా ఉంది. ఎనిమిదో వారం గడువు మాట మీద మాత్రం నిలబడతాను. అలాగే ఓటు పోయినా సరే, కమిషనర్ ఆడే జట్టుకు సంబంధించిన ట్రేడ్‌ను మాత్రం మరొకరు చూడాలి.


ఆర్మూర్ పసుపు

న్యాయాన్యాయాలు మీరే తేల్చుకోండి, డ్రాఫ్ట్ పది రోజుల్లో ఉంది కనుక ఖాళీ జట్టు గురించి మాత్రమే చెబుతాను. మా నిజామాబాద్ లీగులో రెండేళ్ల క్రితం ఇదే ఇబ్బంది వచ్చింది. బావమరిది నుంచి ఆ పిక్‌ను వెనక్కు లాక్కోవద్దు. జరిగిన ట్రేడ్‌ను తొమ్మిది నెలల తర్వాత తిరగదోడితే ఇక ఎవరూ ఎవరితోనూ బేరమాడరు. కొత్తగా వచ్చేవారికి మూడో రౌండు ముగిశాక ఒక అదనపు పిక్ ఇవ్వండి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కూడా ఆటగాళ్లను పోగొట్టుకున్న క్లబ్బులకు పరిహార పిక్‌లు మూడో రౌండు చివరి నుంచే మొదలవుతాయి. రెండో రౌండు పిక్ లేదు కనుక దీనితో వారికీ పదహారు పిక్‌లే అవుతాయి. దానితోపాటు ఈ ఒక్క ఏడాదికి నలుగురిని ఉంచుకోనివ్వండి. మాకు ఈ రెండూ కలిపి ప్రకటించిన రోజునే మనిషి దొరికాడు. ఇప్పటికీ ఆడుతున్నాడు, పైగా నిరుడు నన్ను ఓడించాడు.


హన్మకొండ కమిషనర్

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఎనిమిది మందిమి కూర్చొని, అమెరికా వాళ్లు నలుగురినీ ఫోనులో కలుపుకొని మాట్లాడుకున్నాము. బావగారు కూడా మర్యాద కోసం పది నిమిషాలు ఉన్నారు.

హెన్రీ ట్రేడ్ చెల్లుతుంది. ఓటును తీసివేశాము, ఏడుగురు ఒప్పుకున్నారు, నలుగురు ఒప్పుకోలేదు, కనుక ఓటును ఓటుతోనే తీసివేశామని డెట్రాయిట్ మిత్రుడు నవ్వాడు. ఇకపై కుమ్మక్కు ఆరోపణ వస్తే నేను విచారిస్తాను; నా జట్టు ట్రేడ్ అయితే రెండో స్థానం గారు విచారిస్తారు, ఆయన కోరినట్టే. ఏ ఆటగాణ్ణి అయినా రాబోయే ఏడాది పిక్ కోసమో, ఉంచుకోదగిన కుర్రాడి కోసమో ఇవ్వదలచినవారు నలభై ఎనిమిది గంటల ముందు గ్రూపులో ప్రకటించాలి. దీనికి అప్పుడే యార్డు నియమం అని పేరు పడింది. ఎక్కువ ఇచ్చినవారికే అమ్మాలన్న నిర్బంధం లేదు, తక్కువకు ఎందుకు ఇస్తున్నారో ఒక్క వాక్యంలో చెబితే చాలు. గడువును పదో వారానికి మాత్రమే తెచ్చాము. ఎనిమిదో వారానికి సగం మంది ఒప్పుకోలేదు, ఎందుకంటే గాయాలు అప్పటికి ఒక కొలిక్కి రావు.

కరీంనగర్ పెద్దాయన చెప్పిన జమానతును యథాతథంగా రాసుకున్నాము. రాసుకున్న వెంటనే, ఈ ఏడాది తన 2026 పిక్‌కు జమానతు ఎవరు నిలబడతారని ఒకాయన సరదాగా అడిగితే, కట్ట మీద అందరూ చెరువు వైపు చూస్తూ ఉండిపోయారు.

ఖాళీ జట్టుకు మూడో రౌండు చివర అదనపు పిక్, నలుగురు కీపర్లు. చెరువు గుత్త మాట అన్నాయనే ఉదయం ఫోన్ చేసి, చేపలు కొన్ని మిగిలినట్టున్నాయి, వస్తానన్నాడు. డ్రాఫ్ట్ వచ్చే ఆదివారం సుబేదారిలో మా ఇంట్లో. బావమరిది గారూ, నిరుటి చివరి స్థానం సర్వపిండి ఇంకా బాకీ ఉంది. పన్నెండు మందికి తెండి, కొత్తాయనను కూడా కలుపుకొని.